టీ గ్లాసు కూడా వెలిగింది

మా బాపు రిటైర్మెంట్ దావత్‌ను నేను ఎలా సర్వనాశనం చేశానో చెప్తాను. మటన్ బాగానే ఉడికింది, శాలువాలు సరిపోయాయి, వాన కూడా రాలేదు. జరిగిన నష్టమంతా నా ఒక్కదాని ఘనకార్యమే. మీరు నవ్వుకోండి, కాని భూపాలపల్లి వచ్చినప్పుడు మా క్వార్టర్ ఎక్కడని అడగకండి. అందరికీ తెలుసు, అదే బాధ.

బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. తలకు లైటు కట్టుకుని దిగడం, పైకి వచ్చాక ఆ లైటును తిరిగి అప్పజెప్పడం, ఆయన ఉద్యోగమంతా అదే. నేనేమో పీహెచ్‌డీ పేరుతో గాజు కరిగిస్తుంటాను. గాజు పొడిలో చిటికెడు బిస్మత్ అనే లోహం కలిపి కొలిమిలో పెడితే, అదృష్టం బాగుంటే గులాబీరంగు బిళ్ల వస్తుంది. దాని మీద తగిన వెలుగు పడితే అది తనదంటూ ఇంకో వెలుగు ఇస్తుంది. ఇంటర్నెట్టును మోసే గాజు తీగల్లో ఆ వెలుగుకు గొప్ప భవిష్యత్తు ఉందని మా గైడ్ సారు అంటారు. చిక్కల్లా ఒకటే, అది ఎరుపుకు అవతల ఉంటుంది కాబట్టి మనిషి కంటికి ఆనదు. నేనూ ఎన్నడూ చూడలేదు. ల్యాబ్‌లో యంత్రం కంప్యూటర్ మీద ఒక గీత గీస్తుంది. ఆ గీతకు ఎద్దు మూపురంలాంటిది లేస్తే వెలుగు వచ్చినట్టు లెక్క. మూపురం లేచిన రోజు మేము స్వీట్లు పంచుకుంటాం.

ఇదంతా ఇంట్లో విప్పి చెప్పే ఓపిక లేక, "బిస్మత్ ఏసి లైటిచ్చే గాజు చేస్తున్న బాపు" అని ఊరుకున్నాను. ఆయన ఆ మాటను షిఫ్టు షిఫ్టంతా చాటాడు.

దావత్ రోజు షామియానా కింద, మెడలో దండతో, మైకు పట్టుకుని లేచాడు.

"నా లైటు నిన్న అప్పజెప్పి వచ్చిన. ఇగ మా బిడ్డ లైటు చూద్దురు. తిన్నంక ఎవ్వలు పోవద్దు."

అప్పుడే "అది కనవడదు బాపు" అని ఉంటే ఈ కథే లేదు. కాని ఆ దండ వెనక ఆయన ముఖం చూశాక నోరు రాలేదు. పైగా నాకో తెలివి పుట్టింది. టీవీ రిమోట్ వెలుగు కంటికి కనబడకపోయినా ఫోన్ కెమెరాలో కనబడుతుంది కదా, నా గాజుదీ అంతే అనుకున్నాను. ఫోన్ కెమెరా చూపు నా గాజు వెలుగు దాకా రాదని పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు నేను చదివాను కూడా. అయినా ఏం లాభం?

తిన్నాక అందరినీ ఇంట్లోకి పిలిచి, ముందు గదిలో కిటికీలు మూశాం. ఫోన్‌ను టీవీకి కలిపాను. ల్యాబ్ నుంచి తెచ్చిన బిళ్లను స్టూలు మీద పెట్టి, దాన్ని వెలిగించడానికి బ్యాగులో ఉంచుకున్న చిన్న టార్చి నొక్కాను. దాని వెలుగూ టీవీ రిమోట్‌దిలాగే కంటికి కనబడేది కాదు. టీవీలో మాత్రం బిళ్ల ఊదారంగులో నిండు చందమామలా వెలిగింది.

గది గదంతా చప్పట్లు. "చూసిండ్రా?" అన్నాడు బాపు, కొలిమి దగ్గర తానే కూర్చున్నట్టు. నేనూ తల వంచి వినయం నటించాను. జీవితంలో నేను శాస్త్రవేత్తనైంది ఆ కాసేపే.

"మస్తు ముద్దుగున్నదే" అంటూ మా మేనత్త తన టీ గ్లాసును స్టూలు మీద, బిళ్ల పక్కనే పెట్టింది. టీవీలో టీ గ్లాసు కూడా వెలిగింది. బిళ్ల కంటే బాగా వెలిగింది.

బాపు షిఫ్టు దోస్తు ఐలయ్య మామ అమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, చాయల సుత బిస్మత్ ఏసినవా?"

"నేను ఇలాచీనే ఏసిన" అంది అమ్మ, నిజంగానే భయపడి.

"గా లడ్డు పెట్టి చూడు."

లడ్డూ వెలిగింది. అత్త గాజులు వెలిగాయి. ఏమైందో చూద్దామని ఐలయ్య మామ ముందుకు వంగాడు. ఆయన గుండు వెలిగిన వెలుగు ముందు అంతకుముందు వెలిగినవన్నీ దిగదుడుపే. జనం కుర్చీల్లోంచి జారి నవ్వారు.

నాకప్పుడు అర్థమైంది. మేం చూస్తున్నది టార్చి వెలుగు. ఏ వస్తువు మీద పడితే ఆ వస్తువు మీంచి తిరిగొస్తోంది. ఆ మాట నసుగుతూ చెప్పాను.

"మరి నీ గాజు లైటేది?" అన్నాడు మామ.

"వస్తనే ఉన్నది మామ. గాని కనవడది."

నవ్వులు ఆగిపోయాయి. బాపు మెడలో దండ తీసి కుర్చీకి తగిలించాడు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం చివర ఆయన కోరుకున్న ఒక్క గొప్ప అది. దాన్ని నేను లడ్డూతో సమానం చేశాను.

"ఇన్నేండ్లు చీకట్ల పని చేసినం బిడ్డా," అన్నాడు ఐలయ్య మామ నిమ్మళంగా, "జర కనవడే లైటు చెయ్యకపోయినవా?"

బాపు గొంతు సవరించుకున్నాడు. "మనం బాయిల ఏం చేసినమో పైనున్నోళ్లకు కనవడ్డదా ఐలయ్యా? కరెంటైతే వచ్చిందా లేదా?"

మామ ఇంకో లడ్డూ తీసుకున్నాడు, ఈసారి తినడానికే.

ఇక ఈ సంగతి ఇక్కడితో పాతరేసినట్టే అనుకున్నాను. మర్నాడు పొద్దున పాలకు వెళ్తుంటే హోటల్ బెంచీ మీద బాపు గొంతు వినిపించింది.

"మా బిడ్డ కనవడని లైటు చేసింది. నమ్మకుంటే ఇంటికొచ్చి చూడుండ్రి."

ఆ పూట వరుసగా చాలామంది వచ్చారు. అమ్మ అందరికీ చాయ్ పోసింది. అందరూ బిళ్లను అటూ ఇటూ తిప్పి, "నిజమే, ఏం కనవడ్తలేదు" అని మెచ్చుకుని పోయారు.

కనుక సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా వెలుగును మూపురంలోనే చూసుకుంటాను. దావత్‌లకు వస్తాను, తింటాను, టార్చి మాత్రం బ్యాగులోంచి తీయను. ఐలయ్య మామ గుండు సాక్షిగా.