కిటికీలున్న బావి

ఆ రోజుల్లో పట్నం వెళ్లి నాలుగు గీతలు గీయడం నేర్చుకొచ్చినవాడికి కాళ్లు భూమ్మీద ఆనేవి కావు. నేనూ ఆ బాపతే. హైదరాబాదులో ఒక ఇంజనీరు సాహెబు దగ్గర ఇళ్లకు నక్షాలు గీసే పనిలో చేరి (గీసింది తక్కువ, ఆయనకు చాయ్ తెచ్చింది ఎక్కువ), కొన్నాళ్లు తిరిగేసరికి చార్మినారును నేను కట్టి ఉంటే ఇంకా బాగుండేదన్న అభిప్రాయానికి వచ్చాను. సెలవుల్లో నారాయణఖేడ్‌లో దిగి, మనూర్ దారిలో ఉన్న మా ఊరికి ఎడ్లబండిలో వెళ్తూ, కనబడిన ప్రతి ఇంటికీ వంక పెట్టాను. బండి తోలే ముసలాయన విని విని, "గట్లయితే మా ఎడ్లకొట్టం గూడ నువ్వే కట్టు పటేలా" అన్నాడు. దాన్నీ గౌరవం కిందే జమ కట్టుకున్నాను.

ఇంటికి చేరగానే పెద్దమ్మ తన కోరిక చెప్పింది. ఆమెకు మేడ కావాలి. బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లంతా దొర ఉండే గడీకి వెళ్లి కింద చాపల మీద కూర్చుంటే, దొరసాని మేడ మెట్లు ఒక్కొక్కటే దిగుతూ వచ్చేదట. ఆ దిగడం పెద్దమ్మ గుండెలో ముల్లులా నాటుకుంది. "సచ్చెలోపల నా ఇంట్ల నేను మెట్లెక్కాలె బిడ్డా. పైన గూసోని ఒక్క జొన్నరొట్టె తినాలె. గంతే" అంది. పెద్దనాయనకు పొలం ఉంది, పంట ఉంది, పెద్దమ్మ మాట కాదనే ధైర్యం ఒక్కటే లేదు. కానీ ఊళ్లో గడీకి తప్ప మరో ఇంటికి మేడ ఉండకూడదని దొర హుకుం. అంతకు ముందు ఒకాయన వాకిలి మీద చిన్న అర్ర (గది) లేపితే, మర్నాటికల్లా దొర మనుషులు దాన్ని నేలకు దించేశారు.

"మీదికి పోతే దొర ఆపుతడు. కిందికి పోతే ఎవడాపుతడు?" అంటూ నేను నక్షా పరిచాను. పాత ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలువెత్తుకు పైగా తవ్వి అడుగున పెద్ద హాలు, దాని మీద ఒక అర్ర. చూసేవాడికి ఆ అర్ర ఒక్కటే కనబడుతుంది. అదే మేడ! వీధిలోంచి నేరుగా మేడ మీదికి నడిచి వెళ్లొచ్చు (ఈ సుఖం నవాబులకు కూడా లేదని నేనే చెప్పాను). పెద్దమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మెట్లెక్కుతనంటే దింపుతున్నవేందిర?" అంది. "దిగినంక ఎక్కకుంట ఎట్లుంటవు పెద్దమ్మా!" అన్నాను. పట్నం చదువు కదా, పాపం నమ్మింది.

ఎండాకాలంలో పని జోరుగా సాగింది. హాలుకు నేలను ఆనుకుని కిటికీలు పెట్టించాను. వాటిలోంచి దారిన పోయేవాళ్ల పాదాలు తప్ప మరేమీ కనబడేవి కావు. ఒకరోజు మేక ఒకటి తల దూర్చి అక్కడ పెట్టిన రొట్టె నమిలేసింది కూడా. చివరికి దొర స్వయంగా చూడటానికి వచ్చాడు. పెద్దనాయన తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు. దొర ఇంటి చుట్టూ తిరిగి, పొట్టిగా కూర్చున్న ఆ కప్పును చూసి, "గీ ఇల్లు వంగి దండం వెట్టినట్టున్నది. మంచిగున్నది. అందరు గిట్లనే కట్టుకోవాలె" అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేను మాట్లాడిన మాటలు ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

గృహప్రవేశమైన కొన్నాళ్లకు వానలు పట్టాయి. ఒక తెల్లవారుజామున పెద్దమ్మ మెట్లు దిగబోయి కెవ్వుమంది. హాలు నిండా నీళ్లు! గచ్చు పగిలి అడుగునుంచి ఊట ఉబికి వస్తోంది. పీటలూ బుట్టలూ తేలుతున్నాయి, వాటి మధ్య గోడకు అతికించుకున్న నా నక్షా కూడా తేలుతోంది. నేను పట్నం పారిపోవడానికి సంచి సర్దుకుంటుంటే పెద్దనాయన మెట్టు మీద కూర్చుని, దోసెడు నీళ్లు తాగి, "తియ్యగున్నయే!" అన్నాడు. పొలంలో ఎక్కడ తవ్వినా బండరాయి తప్ప నీటిచుక్క ఎరగని మనిషి ఆయన. మరుసటి ఎండాకాలం ఊరి బావులన్నీ ఎండినా మా హాలు ఎండలేదు. ఊరంతా బిందెలతో వచ్చింది. కావడి కుండలతో దొర మనుషులూ వచ్చారు, కాకపోతే వాకిట్లో తమ వంతు కోసం నిలబడ్డారు.

ఆ తర్వాత దొర హుకుంలు పోయాయి, గడీ మీద పిచ్చిచెట్లు మొలిచాయి. నాకూ తల నెరిసింది, పట్నంలో పెద్దపెద్ద ఇళ్లు కట్టానన్న పేరూ వచ్చింది. ఒకసారి ఊరికి వెళ్లి, "పెద్దమ్మా, ఇగ ఆపెటోడు లేడు. నీకు అసలైన మేడ కడ్త" అన్నాను. ఆమె సంకన బిందెతో బావి మెట్లెక్కి వచ్చి, అర్రలో కూర్చుని, రొట్టె తుంచుతూ, "ఇంకో మేడెందుకుర? దినాం ఎక్కుతనే ఉన్న. ఎక్కొచ్చి గీన్నే గూసోని తింటున్న. నువ్వే గద జెప్పినవు, దిగినంక ఎక్కుడే అని" అంది. నాకు కళ్లు చెమర్చాయి. ఆ మాటతో ఊరుకుంటే మా పెద్దమ్మ ఎలా అవుతుంది? "గని గా మెట్లు జెర పొట్టిగ వెడితే నీ సొమ్మేం బోతుండెర!" అని ముణుకులు రుద్దుకుంది. రెండో బిందె నేను తెస్తానని దిగి, ఎక్కి వచ్చేసరికి నాకూ ఆయాసం వచ్చింది. నిజమే, మెట్లు మరీ ఎత్తుగా పెట్టాను. ఆ నక్షా గీసిననాడు నా మోకాళ్లకు నొప్పంటే ఏమిటో తెలియదు మరి.