మా లైబ్రరీ మేడం గారి భయం

మా లైబ్రరీ మేడం గారు పోయారు. మొన్న మధ్యాహ్నం, బడిలో పిల్లలు అన్నాలకి కూర్చుంటున్న వేళ, ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ ఇక లేదక్కా" అని ఆ ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేను వినగడపలో టీచర్ని. పిల్లలు చూస్తున్నారని కూడా మరిచిపోయి వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. చిన్నప్పుడు సంతలో అమ్మ చెయ్యి జారిపోతే కాళ్ళలోంచి పైకి పాకే చలి ఉంటుంది చూడండి, అలాంటిది.

మీలో చాలామంది ఆవిడని చూసి ఉండరు. తిరువూరులో మా పేట చివర ఉన్న చిన్న లైబ్రరీని ఆవిడ నడిపేవారు. పుట్టింది బందరు అవతల, సముద్రాన్ని ఆనుకున్న పల్లెలో. ఉద్యోగం కోసం మా మెట్ట ప్రాంతానికి వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు.

నేనెరిగిన మనుషుల్లో అంత భయస్తురాలు ఇంకొకరు లేరు. ఉరిమితే భయం. బల్లంటే భయం. పై ఆఫీసు నుంచి ఫోనొస్తే చెమట పట్టిన చెయ్యి చీరకి తుడుచుకుని గానీ ఎత్తేవారు కాదు. విజయవాడ బస్సులో డ్రైవరు ముందున్న లారీని దాటబోతే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. పొద్దున్నే లైబ్రరీ తాళం తీశాక వెంటనే లోపలికి అడుగు పెట్టేవారు కాదు. తలుపు మీద వేళ్ళతో తట్టి, "లోపల ఎవరున్నా తప్పుకోండి నాయనా, మేం వస్తున్నాం" అనేవారు. పాములకీ తేళ్ళకీ చెప్పడమన్నమాట. మేం నవ్వేవాళ్ళం. ఆవిడా నవ్వేవారు. నవ్వుతూనే ఇంకోసారి తట్టేవారు.

డిగ్రీ అయ్యాక డీఎస్సీకి చదువుకోవాలని నేను అక్కడికి వెళ్ళాను. మాది ఒకటే గది. అమ్మా నాన్నా పత్తి చేలల్లో కూలికి పోయి వచ్చి, ఆ గదిలోనే వండుకుని, తిని పడుకోవాలి. నేను పుస్తకం తెరిస్తే లైటు వాళ్ళ కళ్ళలో పడేది. మొదటిరోజు లైబ్రరీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళలేక నిలబడ్డాను. లోపల అందరూ మగవాళ్ళే. పేపర్ల వెనక నుంచి తలలు లేచాయి.

"భయంగా ఉందా?" అని అడిగారు మేడం.

లేదని తల ఊపాను.

"నాకైతే ఇక్కడికొచ్చిన మొదటిరోజు తెగ భయమేసిందమ్మా. రా, నా పక్కన కూర్చో."

తనకి భయమేసిందని నాతో చెప్పిన మొదటి పెద్దమనిషి ఆవిడే. మా ఇళ్ళల్లో భయపడ్డవాళ్ళు కోప్పడేవాళ్ళు, లేకపోతే తాగేవాళ్ళు. అలా చెప్పేసి కుర్చీ జరిపినవాళ్ళు లేరు. ఆ బల్ల చివరి కుర్చీ రెండేళ్ళ పాటు నాదైపోయింది. నన్ను చూసి ఇంకో అమ్మాయి వచ్చింది, ఆమెని చూసి ఇంకొకతె. నర్సింగుకి చదివేవాళ్ళు, పోలీసు పరీక్షలకి చదివేవాళ్ళు, ఇంట్లో చోటు లేనివాళ్ళందరం అక్కడికే చేరాం.

మగవాళ్ళలో ముఖ్యుడు పేపరు తాతయ్య. ఎ.కొండూరు వైపు పల్లె నుంచి రోజూ బస్సెక్కి వచ్చే మామిడితోటల రైతు. పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా ఆయన చదవడం అయితే గానీ ఎవరూ అడక్కూడదు. మేడం ఏం చెప్పినా ఆయన కాదనేవారు. ఆయన ఒకరోజు రాకపోతే మాత్రం మేడం సాయంత్రం దాకా గుమ్మం వైపు చూస్తూనే ఉండేవారు.

ఒక వేసవి సాయంత్రం గాలిదుమారం లేచింది. మేడం గబగబా కిటికీలన్నీ మూసి, పుస్తకాల బీరువాకి వీపు ఆనించి నేల మీద కూర్చుండిపోయారు. నేను పక్కన కూర్చుని, గాలంటే ఎందుకు మేడం అంత భయం అని అడిగాను. అప్పుడు చెప్పారు.

ఆవిడ చిన్నతనంలో తుఫానుకి సముద్రం వాళ్ళ ఊళ్ళోకి వచ్చింది. ఊరంతా తాటాకు ఇళ్ళు. ఒక్క రీడింగ్ రూమే రాతికట్టడం. జనమంతా అందులోకి పరుగెత్తారు. లోపల కూడా నీళ్ళు పెద్దవాళ్ళ రొమ్ముల దాకా వచ్చాయి. వాళ్ళమ్మ ఆవిడని ఎత్తి పుస్తకాల బీరువా మీద కూర్చోబెట్టింది. బల్లలు తేలిపోయాయి, కుర్చీలు తేలిపోయాయి. "నా బీరువా కదల్లేదమ్మా. నిండా పుస్తకాలు కదా, తడిసి ఇంకా బరువెక్కాయి. ఆ బరువే నన్ను పట్టుకుంది." మళ్ళీ అన్నారు, "మా నాయనమ్మ నడవలేకపోయింది. ఇంట్లోనే ఉండిపోయింది."

అందుకే లైబ్రరీ ఉద్యోగంలో చేరారా అని అడగబోయి మానేశాను. బయట గాలి ఇంకా తగ్గలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మా లైబ్రరీది పాత స్లాబు. అప్పటికే పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపించేవి. చదువుతుంటే పేపరు మీద సున్నం రాలేది. తాతయ్య దాన్ని ఉఫ్‌మని ఊది చదువుకుపోయేవారు. బాగుచేయించమని మేడం అడగని సారు లేడు. చూద్దాం, చేద్దాం అనేవారు అందరూ. గట్టిగా అడగడానికి ఆవిడకి ఇంకో భయం. ప్రమాదమని తాళం వేసేస్తే? ఆ జాగాలో షాపులు కట్టాలని అడిగేవాళ్ళు అప్పటికే తిరుగుతున్నారు. "తాళం పడ్డ లైబ్రరీ మళ్ళీ తెరుచుకోవడం నేను చూళ్ళేదమ్మా" అనేవారు. తెరిచి ఉంటే మామీద కూలుతుందని, మూస్తే మాకు లేకుండా పోతుందని, రెండు భయాల మధ్య ఆవిడ సగమైపోయారు. బల్లలన్నీ గోడల వారకి జరిపించి, ప్రతి అరగంటకీ తల పైకెత్తి చూసేవారు. ఆవిడ చూస్తే మేమూ చూసేవాళ్ళం. చదివిన పేరానే మళ్ళీ చదువుతూ ఎన్ని సాయంత్రాలు గడిపామో.

ఆ యేడు వానాకాలంలో ముసురు పట్టి వదల్లేదు. ఒక మధ్యాహ్నం అందరం చదువుకుంటున్నాం. ఎండుపుల్ల విరిచినట్టు పైన ఎక్కడో చిన్న చప్పుడైంది. మేడం లేచారు.

"లేవండి. అందరూ బయటికి పదండి."

అమ్మాయిలం పుస్తకాలు పట్టుకుని వరండాలోకి వచ్చేశాం. మిగతావాళ్ళూ గొణుక్కుంటూ వచ్చారు. తాతయ్య మాత్రం కదల్లేదు. "నిన్న కూడా ఇదే అన్నావు కదమ్మా. ఈ ఒక్క వార్త చదవనీ" అన్నారు లోపల్నుంచి.

అంతకుముందు చాలాసార్లు అలాగే లేపి, ఏమీ కాక, మళ్ళీ లోపలికి పంపిన మాట నిజమే. మేడం గుమ్మంలో నిలబడి పైకి చూశారు. ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకోవడం నాకు వినిపించింది. ఒక కాలు లోపల పెట్టారు. నేను ఆవిడ చీర కొంగు పట్టుకున్నాను. "వద్దు మేడం, వద్దు."

"నాకూ భయంగానే ఉంది, వదులు తల్లీ" అని కొంగు లాక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన్ని బతిమాలలేదు. చేతిలోంచి పేపరు ఒక్క గుంజు గుంజుకుని గిరుక్కున తిరిగి బయటికి పరుగెత్తారు. "ఏంటమ్మా ఇది! ఇటివ్వు!" అని అరుస్తూ తాతయ్య కర్ర కూడా మరిచిపోయి ఆవిడ వెంట పడ్డారు. ఆయన గుమ్మం దాటి వరండాలోకి అడుగు పెట్టడం, వెనక స్లాబు కూలడం ఒక్కసారే జరిగాయి.

ఆ చప్పుడు నాకు చెవులతో విన్నట్టు గుర్తులేదు, పొట్టలో గుర్తుంది. తలుపులోంచి తెల్లటి దుమ్ము వచ్చి మమ్మల్నందర్నీ కప్పేసింది. కాసేపు ఎవరికి ఎవరూ కనబడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే మేడం ఆ పేపర్ని గుండెకి ఆనించుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తాతయ్య కుర్చీ ఉన్నచోట ఇనుప చువ్వలూ పెచ్చులూ గుట్టగా పడున్నాయి. ఆయన అటు చూసి, ఇటు చూసి, వానలోనే ఆవిడ పక్కన కూర్చున్నారు.

మర్నాడు తాళం పడింది. ఆవిడ ఏదైతే అవుతుందని భయపడ్డారో అదే అయింది. పక్క వీధి చర్చి పాస్టరు గారు రేకుల షెడ్డు ఇస్తే, తడవని పుస్తకాలు అందులో పేర్చుకుని మా లైబ్రరీ నడిచింది. ఎండకి రేకులు మాడిపోయేవి. వానకి మాట వినబడేది కాదు. అయినా మేడం వేళకి వచ్చి తలుపు తట్టి తెరిచేవారు. "పని ఆగకూడదమ్మా. ఆగిందంటే జనం అలవాటు పడిపోతారు" అనేవారు. నా డీఎస్సీ చదువు పూర్తయింది ఆ షెడ్డులోనే.

చాలాకాలానికి బాగుచేయడానికి డబ్బొచ్చింది. అందరం సంతోషపడ్డాం. రంగులు వేశారు, నేలకి టైల్స్ వేశారు. కూలినచోట అతికి, మిగతా పాత స్లాబుని అలాగే ఉంచి, కనబడకుండా కింద తెల్లటి సీలింగు కొట్టడం మొదలెట్టారు. చూడ్డానికి పెళ్ళి హాలులా ఉంది. పై ఆఫీసు నుంచి వచ్చిన సారు, ఇక సామాను లోపలికి తెచ్చుకోండి అన్నారు. మేం పాతికమందిమి దాకా గుమ్మంలో మూగి ఉన్నాం.

మేడం బల్ల అంచు పట్టుకున్నారు. "నాకు భయంగా ఉందండి" అన్నారు.

"ఏంటమ్మా భయం?"

"పైన పాతదే ఉంది కదండి. ఇన్నాళ్ళూ కనబడుతుండేది, చూసుకునేవాళ్ళం. ఇప్పుడు కనబడదు. దీని కింద నేను కూర్చోలేనండి. పిల్లల్ని కూర్చోబెట్టలేనండి."

"అయితే మూసేద్దామా?"

"మూస్తే ఇంకా భయమండి."

సారు వెంట ఉన్నవాళ్ళు నవ్వారు. మేడం తల దించుకున్నారు గానీ బల్ల వదల్లేదు. అప్పుడు మా వెనక నుంచి తాతయ్య కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చారు.

"నాక్కూడా భయమేనండి" అన్నారు.

నవ్వు ఆగిపోయింది. పోలీసు పరీక్షకి చదివే కుర్రాడొకడు, "నాకూ భయమే సార్" అన్నాడు. తర్వాత నేను అన్నాను. తర్వాత ఒకరి తర్వాత ఒకరు. మీసాలున్న మగవాళ్ళు వరసగా నిలబడి మాకు భయంగా ఉందని చెప్పడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. సారు టోపీ తీసి తల తుడుచుకున్నారు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఒకసారి పైకి చూశారు. "సీలింగు విప్పండి, చూద్దాం" అన్నారు.

విప్పి పాత స్లాబు కొడుతుంటే లోపలి చువ్వలు అప్పడాల్లా విరిగిపోయాయి. మళ్ళీ డబ్బుకి తిరగడం, మళ్ళీ షెడ్డులో ఎండాకాలం. చివరికి కొత్త స్లాబు పడింది. తెరిచిన రోజున వచ్చినవాళ్ళంతా రంగుల్నీ కుర్చీల్నీ ఫోటోలు తీసుకున్నారు. మేడం మెడ నొప్పెట్టేదాకా పైకే చూశారు. రిటైరయ్యాక రోజూ చదువరిగా వచ్చి, హాలు సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకునేవారు. ఇప్పుడక్కడ పొద్దున్నే వస్తే గానీ చోటు దొరకదు. చంటిపిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని చదివే ఒకమ్మాయి మొన్ననే గ్రూప్స్ రాసింది.

ఈమధ్య మేడం గారి గుండెకి జబ్బు చేసి విజయవాడ ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్‌కి ముందురోజు వెళ్ళాను. మొహం బాగా చిన్నదైపోయింది.

"భయంగా ఉందమ్మా" అన్నారు నన్ను చూడగానే.

మంచం చుట్టూ ఉన్న చుట్టాలు ఏం కాదు, ఏం కాదు అంటున్నారు. నాకా మాట నోట రాలేదు. "నాకూ భయంగా ఉంది మేడం" అన్నాను.

ఆవిడ మొహంలో బిగువు కాస్త సడలింది. "అయితే ఇద్దరం ఉన్నాంలే" అని కొంచెం పక్కకి జరిగి మంచం మీద నాకు చోటిచ్చారు. చాలాసేపు అలా కూర్చున్నాను. ఆపరేషన్ అయింది గానీ ఆవిడ ఇంటికి రాలేదు.

కోరుకున్నట్టే సొంత పల్లెలో సమాధి చేశారు. తిరువూరు నుంచి వ్యాను మాట్లాడుకుని వెళ్ళాం. తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నారు. సరుగుడు తోటల పక్కన ఇసుకనేలలో గొయ్యి తీశారు. పాస్టరు గారు ప్రార్థన చేశాక ఒక్కొక్కరం గుప్పెడు ఇసుక వేశాం. ఎంత పట్టుకున్నా వేళ్ళ సందుల్లోంచి జారిపోయే ఇసుక.

అంతా అయ్యాక తాతయ్య నన్ను అడిగారు, "ఆ హోరు ఏంటమ్మా?"

సముద్రం తాతయ్యా, ఆ తోట దాటితే కనబడుతుందన్నాను. ఆయన ఎనభై దాటిన మనిషి, మెట్టలో పుట్టి మెట్టలో పెరిగారు. ఎప్పుడూ చూడలేదట. ఇద్దరం నడిచాం. చెట్లు అయిపోగానే ఆయన ఆగిపోయారు. తర్వాత చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పంచె పైకి దోపుకుని, మెల్లగా తడి ఇసుక మీదకి దిగారు.

అల వచ్చి ఆయన పాదాలు కప్పేసి, వెనక్కి పోతూ మడమల కింద ఇసుకని తవ్వుకుపోయింది. తాతయ్య ఊగిపోయి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. నాకూ కాళ్ళ కింద నేల కదులుతోంది. వెనక వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మేమిద్దరం అలాగే నిలబడ్డాం. దూరంగా ఇంకో అల లేస్తోంది.