మా స్టెప్నీకి కట్టిన నిమ్మకాయ

ఎండకు కాగిన రబ్బరు వాసన తగిలితే చాలు, నాకు సకినాలు గుర్తొస్తాయి. లోకంలో అందరికీ సకినమంటే నువ్వులు, వాము, కాగే నూనె. నాకు మాత్రం సకినానికీ టైరుకీ విడదీయరాని చుట్టరికం. మొన్న కరీంనగర్ బస్టాండు దగ్గర మా కారుకు పంక్చరు వేయిద్దామని ఒక కొట్టు ముందు ఆగాను. గోడకు ఆనించి పేర్చిన పాత టైర్ల మీదుగా వైశాఖపు గాలి ఒక్కసారి వీచింది. అంతే, నెరిసిన జుట్టునూ మోకాళ్ల నొప్పులనూ ఆ కొట్టు ముందే వదిలేసి, రెండు జడల పిల్లనై ధర్మపురిలో మా జీపు వెనక భాగాన స్టెప్నీ మీద కూర్చున్నాను.

అది మిలిటరీవాళ్లు వేలం వేస్తే మా నాన్న, బాపు, పాడుకున్న జీపు. ఏ యుద్ధంలో పోరాడిందో తెలియదు కానీ, దాని గొంతు వింటే అన్ని యుద్ధాల్లోనూ పోరాడినట్టే ఉండేది. మా వాడకట్టులో మగ్గాల మీద నేసిన చీరల మూటలన్నీ వేసుకొని, బాపు దాన్ని గోదావరి ఇసుకలో దింపి, అవతలి గట్టెక్కించి, అడవుల్లోని అంగళ్లకూ జాతరలకూ తీసుకెళ్లేవాడు. జీపు స్టార్టయితే నరసింహస్వామి గుడి మీది కోతులు గోదావరి దాటి పారిపోయేవని ఆయన చెప్పేవాడు. కోతులు పారిపోవడం నేను చూడలేదు కానీ, సాయంత్రం జీపు ఆగాక అవి అలసిపోయి తిరిగి రావడం మాత్రం కళ్లారా చూశాను.

స్టెప్నీని బిగించే ఇనుప కొక్కెం మాకు చేరేనాటికే విరిగిపోయింది కనుక, ఆ అయిదో చక్రం జీపు లోపలే, వెనక, వెల్లకిలా పడుకొని ప్రయాణం చేసేది. దాని మీద సకినాలు నములుతూ నేను. అది నా సింహాసనం. దసరానాడు జీపుకు పూజ చేసేటప్పుడు కూడా మొదటి బొట్టు స్టెప్నీకే. "నడిచే నాలుగు టైర్లదేమున్నది బిడ్డా, అవి కూలికి పోయినట్టు పోతయి. మన ధైర్యమంత గీ పండుకున్నదాంట్లనే ఉన్నది" అనేవాడు బాపు. అటువంటి ధైర్యం మీద కూర్చునే భాగ్యం జిల్లా కలెక్టరు కూతురికి కూడా లేదని నా గట్టి నమ్మకం.

ప్రయాణమంటే ముందురోజు నుంచే మా ఇంట్లో రెండు సైన్యాలు దిగేవి. బాపు సైన్యంలో జాకీ, గాలి పంపు, టైరు విప్పే ఇనుప పట్టీలు, ఇసుకలో చక్రాల కింద వేసే టేకు పలకలు, పార, మోకు, నీళ్ల డబ్బా. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ సైన్యంలో సకినాలు, గారెలు, పులిహోర, మజ్జిగ కుండ, సూదీదారం, విసనకర్ర, ఆ పైన ఒక పాత చీరల బొంత. ఆ బొంత చూడగానే బాపుకు ఒళ్లు మండేది. "జీపుల పోతున్నమా, కాశికి పోతున్నమా?" అని ఆయన తీసి గడప మీద పెడితే, ఆమె తీసి మళ్లీ జీపులో పెట్టేది. ఈ రాకపోకలతో ఆ బొంత ఎన్ని మైళ్లు తిరిగిందో లెక్క కడితే మా జీపు సిగ్గుపడేది.

ఇక బాపమ్మ. బాపుకు తల్లి, మా అందరికీ హైకోర్టు. పుట్టినప్పటి నుంచీ మగ్గానికి నూలు కండెలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్లు, ఏ పనీ లేనప్పుడు కూడా గాలిలో ఏదో చుడుతూనే ఉండేవి.

ఆ ఏడు ఎండాకాలంలో చెన్నూరులో బాపు చెల్లెలు, మా సత్తమ్మ అత్త కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశమంటే పుట్టింటివాళ్లు వెళ్లి ఆడబిడ్డ కొంగులో పసుపు కలిపిన బియ్యం, చీర, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టి ఒడిబియ్యం పోయాలి. అంతకుముందు రెండు శుభకార్యాలకు గోదావరి పొంగి మేం వెళ్లలేకపోయాం. "పుట్టిల్లు లేనిదాన్ని చేసుకున్నం" అని వాళ్ల అత్త వాడంతా చాటింపు వేసిందట. ఈసారి ముహూర్తానికి అందకపోతే సత్తమ్మత్త ఆ ఊళ్లో ఇక తలెత్తుకోలేదు. ఈ కబురు విన్ననాటి నుంచి బాపమ్మ అన్నం సగమే తినేది. మిగతా సగం వియ్యపురాలి పేరు చెప్పి నమిలేది.

తెల్లవారుజామున బయల్దేరుతుంటే స్టెప్నీకి పచ్చిమిరపకాయలతో కలిపి గుచ్చిన నిమ్మకాయ వేలాడుతోంది. బాపమ్మ పని. దిష్టి తగలకుండా కట్టిందని బాపు నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు నా సింహాసనం ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. బొంత చలవ అనుకున్నాను.

గోదావరి ఇసుకలో పలకలు వేసుకుంటూ, తీసుకుంటూ, మళ్లీ ముందు వేసుకుంటూ దాటాం. లక్షెట్టిపేట దాటాం, మంచిర్యాల దాటాం. ఇరువైపులా ఆకురాల్చిన టేకు అడవి, ఇప్పపూల మత్తు వాసన, మా వెనక చుట్టుపక్కల మండే ఎండనంతా దాచేసేంత దుమ్ము. బాపు ఈల వేస్తున్నాడు. అప్పుడు ముందు చక్రంలోకి తుమ్మముల్లు దిగింది. నా కొలత ప్రకారం అది మూరెడు పొడవు. అవ్వ చిటికెనవేలంత అంటుంది. నమ్మేవాళ్లు నన్నే నమ్మండి.

"ఫికర్ లేదు!" అంటూ బాపు దిగి, జాకీ ఎత్తి, చక్రం విప్పి, రాజకుమారిని పల్లకీలోంచి దించినట్టు స్టెప్నీని దించాడు. అది నేల మీద నిలబడాల్సింది పోయి కూలబడింది. బాపు దాన్ని తిప్పి చూశాడు. నిమ్మకాయ దారం వెనక, టైరులోకి నిండా దిగిన మొల.

"అవ్వా, గీ మొల ఎవరు కొట్టిండ్రే?" అని బాపు తన తల్లిని అడిగాడు.

"నేనే కొట్టిన. ముడేస్తే ఊడిపోదా? ఊరందరి కండ్లు దాని మీదనే ఉండె."

"కొట్టినప్పుడు ఉస్సుమనలేదానే?"

"అన్నది. దిష్టి పోతున్నదనుకున్న."

పంక్చరు వేద్దామంటే అతికించే సొల్యూషను ఎండకు డబ్బాలోనే రాయైపోయింది. పంపుంది, గాలి నిలవడానికి ట్యూబు లేదు. సూర్యుడు ముహూర్తం వైపు ఎక్కుతున్నాడు. అంత గర్వంగా ఈల వేసిన మనిషి, పలక మీద కూలబడి తల పట్టుకున్నాడు. మొదటిసారి బాపమ్మ వేళ్లు కదలకుండా ఉండటం చూశాను.

అంతలో మంచిర్యాల వైపు నుంచి వరిగడ్డి బండి ఒకటి వచ్చింది. బండతను ఎడ్లను ఆపి, "ఏం సేటూ, మోటరు మొరాయించిందా? నా ఎడ్లను కట్టమంటవా, జర మిలిటరీ పానం చల్లవడ్తది" అన్నాడు. బాపుకు నవ్వు రాలేదు. బాపమ్మ మాత్రం ఆ గడ్డినీ, టైరునూ, మళ్లీ గడ్డినీ చూసింది. వేళ్లు కదిలాయి.

"కొడుకా, గాలిని తియ్యి, గడ్డిని పెట్టు. చక్రమంటే ఏంది, పెద్ద కండెనే గద!"

తరవాత అక్కడ జరిగింది చక్రం బాగుచేయడం కాదు, నేత. బాపు పట్టీలతో టైరు ఊడదీసి ట్యూబు లాగేశాడు. బాపమ్మ, అవ్వ, నేను రోడ్డు మీద కూర్చొని గడ్డిని నీళ్లతో తడిపి, పేని, తాళ్లు చేశాం. బాపమ్మ వాటిని టైరు లోపల నూలు చుట్టినట్టు వరస మీద వరస, సందు లేకుండా దిగ్గొట్టింది. "లూజు పోతే నూలు తెగుతది, గట్టిగ గుంజుండ్రి!" అని బండతన్ని కూడా కసిరింది. అతను పాపం ఏ కులంలో పుట్టాడో కానీ, ఆ పూట నేతగాడయ్యాడు. చివర మిగిలిన ఖాళీలో అవ్వ బొంత కుక్కి, బాపు వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపును నేను ఇప్పటికీ అవసరమైనప్పుడు మా ఆయన మీద వాడుతున్నాను.

జీపు కదిలింది. కుంటుతూ, గెంతుతూ, టైరు అంచు నుంచి గడ్డి మీసాలు విడుస్తూ. మా కంటే ముందు నడిచిపోతున్న ముసలాయన ఒకరు వెనక్కి తిరిగి మాకు దారి ఇచ్చి, కాసేపటికి మళ్లీ మమ్మల్ని దాటిపోయాడు.

చెన్నూరు చేరేసరికి సత్తమ్మత్త కొత్త గడప ముందు ఒట్టి కొంగు పట్టుకొని నిలబడి ఉంది. లోపల పంతులు తొందరపెడుతున్నాడు. వాళ్లత్త, "ఏమే, మీ అన్న మోటరు ఇంక గోదావరిల తానం చేస్తున్నదా? మేమే ఇన్ని బియ్యం పోస్తం, లోపటికి రా" అంటోంది.

"మా అన్న వస్తడు. జీపు మోత వినవడే దాక నేను కదల" అంది అత్త. అప్పుడే వీధి మలుపులో కోతులు ఊరు వదిలే ఆ చప్పుడు వినబడింది.

బాపమ్మ జీపు ఆగకముందే దిగింది. అవ్వ పసుపు బియ్యం ఎత్తింది. బాపు పోసిన బియ్యం నిండి, కొంగు దాటి, గడప మీద పొర్లింది. అత్త ఏడుస్తూ నవ్వుతోంది. బయట ఊరావు ఒకటి మా ముందు చక్రాన్ని ప్రశాంతంగా మేస్తోంది.

వియ్యపురాలు వచ్చి చూసి, "ఇదేం టైరమ్మా?" అంది.

బాపమ్మ నడుం నిటారుగా చేసింది. "గాలి మీద అందరొస్తరు వదినా. మా బిడ్డ కోసం మేం గడ్డి మీద వచ్చినం."

ఆ మాట చెన్నూరులో చాలా ఏళ్లు తిరిగిందని అత్త చెప్పేది. ఆ తరవాత ఆమె పుట్టింటి గురించి నోరెత్తినవాళ్లు లేరు.

ఇప్పుడు మా వాడకట్టులో మగ్గం చప్పుడు లేదు. జీపును పాత ఇనుముకు ఇచ్చేశాం. బాపమ్మా బాపూ లేరు. గోదావరి మీద వంతెన ఉంది. ఇసుక ఎవరి కాళ్లకూ తగలకుండానే అవతలి గట్టు వచ్చేస్తుంది. మొన్న కొట్టు కుర్రాడు డిక్కీ తెరిచి, పట్టా ఎత్తి, కొన్ననాటి నుంచీ ఎవరూ ముట్టుకోని మా స్టెప్నీని చూపించి, "గాలి లేదమ్మా" అన్నాడు. కొట్టించాను. పక్క దుకాణంలో నిమ్మకాయ కొని, దారం తీసుకొని దానికి కట్టాను.

"ఊడిపోతదమ్మా" అన్నాడు కుర్రాడు.

"గుంజి చూడు" అన్నాను. గుంజాడు. ఊడలేదు. అది ఆ మొల తరవాత బాపమ్మ నాకు నేర్పిన నేతముడి.