చేపలకు తొవ్వ

“మబ్బు పట్టింది. పనికి పోతవా, వాగుకాడికే పోతవా?” అన్న నేను.

“చేపలు కడుపుతోని ఉన్నయే. మీదికి పోనీకి జర తొవ్వ ఇయ్యాలె” అన్నడు.

మా ఇంటాయనతోని అదే ఆఖరి మాట. ఇప్పటికీ యాదికొస్తే ఒళ్లు మండుతది.

అప్పుడు హైటెక్ సిటీ కడుతుండ్రి. మేం పాలమూరు నుంచి వచ్చి కొండాపూర్ పక్కన మట్టి పని చేసెటోళ్లం. లారీలు దాటనీకి మేస్త్రి వాగుకు అడ్డంగ రాళ్లు పేర్పిచ్చిండు. తొలి వానకు చెరువుల చేపలు వాగుల ఎదురెక్కి, మీది కుంటల గుడ్లు పెడతయి. ఆ రాళ్లకాడికొచ్చి ఎగిరెగిరి కిందపడుతుండె. అందరు గంపల్తోని పట్టుకపోతుంటే, ఈయన మాత్రం లుంగి ఎగ్గట్టి రాళ్లు పీకుతుండె. తెల్లారి అవే రాళ్లు కూలికి మళ్ల పేర్చేది ఎవరు? నేనే! నడుము ఇరిగేది.

“ఒక్క చేపన్న తే, పులుసు పెడత” అంటె, “గుడ్లు పెట్టి రానియ్యే” అనెటోడు. అవి వాపసొచ్చినంక తెచ్చిండా? అదీ లేదు.

ఆ దినం వరద జోరుగొచ్చింది. పీకుతున్న రాళ్లతోపాటు ఆయన్నీ గుంజుకపోయింది.

ఆయన దినాలైనంక పనికి పోతే మేస్త్రి మళ్ల అవే రాళ్లు చూపిచ్చిండు. “పేర్చక్కా” అన్నడు.

“నీ లారీలను సుట్టు తిప్పుకో. వాగుకు అడ్డం ఒక్క రాయి పెట్టను” అని గంప ఇసిరికొట్టిన. నన్ను చూసి తక్కిన ఆడోళ్లు గూడ గంపలు దించిండ్రు. ఆ వానకాలమంత వాగుల రాయి పడలే. చేపలు మీదికి ఎక్కినయి. చూడనీకి ఆయన ఉంటె గద!

కోడలా, నేను చెప్తుంటే ఆయన మంచోడని గిట్ట రాసినవా ఏంది? జర మొదటికెల్లి చదువు, వింట.