కాయని చెట్టుకు పూచీ

నూజివీడు చుట్టుపక్కల మామిడి చెట్టు మనసు మార్చిన మనిషిని నేనొక్కణ్ణే. గొడ్డలి ఎత్తి ఒక్క కేక వేశాను. ఆ వేసవికి కొమ్మలు విరిగేలా కాసింది.

సరే, కొమ్మలు విరగలేదు. రెండు బుట్టల కాయలు. అవీ చిన్నవే.

అది నా చేత్తో అంటు కట్టి మా పెరట్లో పెంచిన మొదటి చెట్టు, చిన్నరసం. ఏళ్ల తరబడి ఆకులే తప్ప పూత ఎరగదు. పైగా దాని నీడ తాండ్ర ఎండబెట్టే చాపల మీద పడుతుందని మా ఆవిడకు మంట. "ఈసారీ పూత రాకపోతే కొట్టించేస్తా" అని తేల్చేసింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

కాయని చెట్టును బెదిరించే ఆచారం ఒకటుంది. ఒకరు గొడ్డలి ఎత్తి నరికేస్తానంటారు. పక్కనున్నవారు "వద్దు, ఈ ఏడు కాస్తుంది, నాదీ పూచీ" అని అడ్డుపడతారు. పూచీ పడడానికి పక్కింటి మాస్టారిని పిలిచాను. ఆయన ఆదివారం చర్చి మానరు, మిగతా రోజులు నాతో వాదన మానరు. అంతా ముందే రాసిపెట్టి ఉందని నేను; ఎంచుకునే స్వేచ్ఛ దేవుడు మనకే ఇచ్చాడని ఆయన.

"అంతా రాసిపెట్టి ఉంటే బెదిరించడం ఎందుకండీ?" అన్నారు గేటు తీస్తూనే.

"నేను బెదిరిస్తాననీ రాసే ఉంది మాస్టారూ. కానివ్వండి."

గొడ్డలి ఎత్తి, "నరికేస్తా!" అని అరిచాను. మాస్టారు నోరు విప్పరే!

"పూచీ పడండి!"

"ఎలా పడతానండీ? కాయడం, మానడం దాని ఇష్టం. ఇంకొకరి ఇష్టానికి నేను మాటిస్తే ఎలా?"

"చెట్టుకి ఇష్టమేంటండీ బాబూ!"

"మరి ఎవర్ని బెదిరిస్తున్నారు?"

ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉండిపోయాను. దించితే ఆచారం చెడుతుంది, వేస్తే చెట్టు పోతుంది. అంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "వద్దు, కాస్తుంది. నాదీ పూచీ" అంది. కొట్టించేస్తానన్న మనిషే! ఆ చలికాలమే పూత వచ్చింది.

ఆమె చేత ఆ మాట అనిపించింది విధి అని నేను, ఆమె సొంత నిర్ణయమని మాస్టారు, ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. ఇదంతా రాసి ఆమెకే చదివి వినిపించాను. చాప మీద రసం పోస్తూ విని, తల కూడా ఎత్తకుండా అంది:

"గొడ్డలి మీరెక్కడ ఎత్తారండీ? కాళ్ల దగ్గర పడేసి, చెట్టుకి తల ఆనించి ఏడ్చారు. చూడలేక ఆ మాట అన్నాను. అది కాయకపోయినా కొట్టించేదాన్ని కాదు."