ఎదురుగా ఎవరైనా కూర్చుంటేనే

ఇవాళ పొద్దున కూడా పదింటికి ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి పెట్టుకుని, అనంతపురంలో ఉండే ఒక లెక్చరరమ్మతో కలిసి యాభై నిమిషాలు కూర్చున్నాను. కలిసి అంటే ఏవో కబుర్లు చెప్పుకుంటామని అనుకునేరు. ఆమె ముఖం నాకు కనిపిస్తుంది, నా బట్టతల ఆమెకు కనిపిస్తుంది, మాట మాత్రం ఇద్దరం బందు పెట్టుకుంటాం. మొదట ఎవరి పని ఏమిటో చెప్పుకోవాలి, చివర్లో అయిందో కాలేదో చెప్పుకోవాలి, కాకపోతే రెండోవాళ్లు తిట్టకూడదు, ఇంతే మా కట్టుబాటు. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతుంది, నేను కరెంటు ఆఫీసుకు అర్జీ రాస్తాను. అరవై అయిదేళ్ల మనిషి అర్జీ రాసుకోవడానికి ఎన్నడూ చూడని మనిషి కాపలా కావాలా అని మా ఆవిడ మొదట్లో నవ్వింది, ఇప్పుడు నవ్వడం మానేసి ఆ యాభై నిమిషాలూ మిక్సీ వేయకుండా ఊరుకుంటోంది.

ఈ ఏర్పాటు మా అమ్మాయి చేసింది. దాని కూతురు, అంటే నా మనవరాలు, బడిలో రాయమన్నది రాయదని, మొదలుపెట్టింది ముగించదని టీచర్లు రోజూ చెప్పి పంపుతుంటే నిజామాబాదులో డాక్టరుకు చూపించారు. నేనూ తోడు పోయాను. ఆయన పిల్ల గురించి ఒక్కో ప్రశ్న అడుగుతుంటే, తల్లి జవాబు చెబుతుంటే, పక్క కుర్చీలో నేను లోలోపల నా జవాబులు చెప్పుకుంటున్నాను. ఆయన అడుగుతున్నది నా గురించే అనిపించింది. ఏడీహెచ్‌డీ అన్నాడు. నెల తర్వాత నేనొక్కణ్ణే పోయి చూపించుకుంటే, మీకూ చిన్నప్పటి నుంచి అదే ఉంది, దీన్ని బద్ధకం అనుకోకండి, మీ మెదడు పని మొదలుపెట్టే తీరే వేరు అన్నాడు. మాత్రలు రాసిచ్చి, ఎవరైనా తోడు కూర్చుంటే ఇలాంటివాళ్లకు పని సాగుతుందని, ఇప్పుడు ఫోనులో కూడా అట్లా జతలు కుదుర్చుకుంటున్నారని చెప్పాడు. తోడు కూర్చుంటే అన్న మాట చెవిన పడ్డాక నిజామాబాదు నుంచి బాన్సువాడ దాకా బస్సులో, కిటికీ వైపు ముఖం తిప్పుకుని, ఏడుస్తూనే వచ్చాను.

ఎందుకేడ్చానో చెప్పాలంటే నా టైపు మిషను రోజులకు పోవాలి. బాన్సువాడ బస్టాండు దగ్గర చిన్న గది కిరాయికి తీసుకుని జాబ్ టైపింగు చేసేవాణ్ణి. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అర్జీ అంటే టైపు కొట్టించాల్సిందే, కార్బను కాగితాలు పెట్టి మూడు కాపీలు తీయించాల్సిందే, ఆఖరి కాపీ ఎవరికీ కనబడకపోయినా సరే. బీర్కూర్ నుంచి, పెద్ద కొడప్‌గల్ నుంచి పొద్దుటి బస్సు దిగినవాళ్లు నా ఎదుటి బల్ల మీద కూర్చుని కాగితం చేతికొచ్చేదాకా లేచేవారు కాదు. వాళ్లు అట్లా కూర్చుంటే నా వేళ్లు పరుగెత్తేవి. రేపొచ్చి తీసుకుంటామని ఇచ్చిపోయినవాళ్ల కాగితాలు మాత్రం అట్టపెట్టెలో పడి పసుపు రంగుకు తిరిగేవి. ఈ సంగతి ఊళ్లన్నీ పాకిపోయి, నా దగ్గరికి వచ్చేవాళ్లు సద్ది కట్టుకుని మరీ వచ్చేవారు. "గాయన ముంగట కూసుంటెనే పనైతది" అని బస్సులోనే ఒకరికొకరు చెప్పుకునేవారట. నేను కూడా వాళ్లతో కలిసి నవ్వేవాణ్ణి, అదేదో నా గొప్ప అన్నట్టు.

అట్లా కూర్చోనిది మా చెల్లెలు ఒక్కతే. మాది బీర్కూర్ దగ్గరి పల్లె. బాపు కౌలుకు వరి వేసేవాడు, మా వాడకట్టులో ఇంటరు దాకా చదివిన ఆడపిల్ల ఆమె తప్ప ఇంకొకరు లేరు. పందొమ్మిదో ఏట నర్సు ట్రైనింగుకు ఫారం తెప్పించుకుని, గుండ్రటి అక్షరాలతో తానే నింపి, ఫోటో అంటించి, బస్సులో నా గదికి తెచ్చింది. మిగిలినవి రెండే పనులు, సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించడం, రిజిస్టరు పోస్టులో వేయడం. గడువు ఇంకా ఇరవై రోజులుంది. నేను కూర్చోనా అన్నా అని అడిగింది కూడా, ఊళ్లో మాట ఆమెకు తెలియనిదా. "నువ్వు కూసునుడేంది, నీ పని నేను చెయ్యనా?" అని కోప్పడి పంపాను. పరాయివాళ్లను పొద్దంతా కూర్చోబెట్టుకున్నవాణ్ణి, సొంత చెల్లెలిని కూర్చోబెట్టడం నామోషీ అనుకున్నాను.

సంతకాలకు అందరూ పశువుల డాక్టరు దగ్గరికే పోయేవారు, ఆయన ఎవరినీ తిప్పి పంపేవాడు కాదు. పశువుల దవాఖాన నా గదికి రోడ్డు దాటితే వస్తుంది. మొదటి రోజు పోతే ఆయన ఒక బర్రెకు సూది వేస్తున్నాడు, సరే మళ్లీ వద్దామని వచ్చేశాను. రెండోసారి పోతే అన్నం తింటున్నాడు. మూడోసారి గేటు దాకా పోయి, ఇవాళ స్టాంపు తేలేదంటాడేమోనని నాకు నేనే అనుకుని వెనక్కి తిరిగాను. ఆ తర్వాత పోలేదు. ఫారం సొరుగులో ఉందని గంటగంటకూ గుర్తొచ్చేది, గుర్తొచ్చినప్పుడల్లా ఎదుటివాడి అర్జీ ఇంకా జోరుగా కొట్టేవాణ్ణి. ఆఖరి రోజు పోస్టాఫీసు మూసే వేళకు నేను ఎవరిదో పొలం పహాణీ నకలు టైపు చేస్తున్నాను. ఆ ఆదివారం ఊరికి పోతే చెల్లెలు వాకిట్లోనే ఎదురొచ్చి, పంపినవా అని అడిగింది. పంపిన అన్నాను.

ఆ వానాకాలమంతా ఆమె ఎదురుచూసింది. నాట్లు వేస్తూ వేస్తూ సైకిలు గంట వినబడితే చాలు, మోకాళ్ల దాకా బురదతో రోడ్డెక్కేదట. టపా ఆయన ఏమీ లేదని చెయ్యి ఊపి పోయేవాడట. ఇవన్నీ అవ్వ, అంటే మా అమ్మ, నవ్వుతూ చెప్పేది. నేను ఊరికి పోవడం తగ్గించాను. అప్పుడు ఆమే బస్సెక్కి వచ్చి, "కార్డు అచ్చిందా అన్నా, నీ అడ్రసు గూడ రాసిన గద" అని గుమ్మంలోంచే అడిగేది. దసరా దాటాక ఆ ముఖం చూడలేక ఒకరోజు చెప్పాను, నిజామాబాదులో గోడకు లిస్టు అంటించారని, కళ్లారా చూసి వచ్చానని, అందులో ఆమె పేరు లేదని. ఎంత తేలికగా నమ్మిందో! "పోనీ తియ్యన్నా, నాకంటె మంచిగ సదివినోల్లు ఉంటరు గద" అని, నా కుండలోంచి ఇన్ని నీళ్లు ముంచుకు తాగి, నాలుగు గంటల బస్సుకు పోయింది. మళ్లీ ఎన్నడూ ఆ ఫారం మాట ఎత్తలేదు.

మరుసటి ఎండాకాలం బిచ్కుంద వాళ్లకిచ్చి పెళ్లి చేశారు. బావ మంచివాడే గాని సొంత పొలం లేదు. ఆలుమగలిద్దరూ సరిహద్దు అవతల నుంచి వచ్చే మరాఠీ కూలీలతో కలిసి చెరకు నరికారు. బావ పోయాక ఆమె ఒక్కతే నరికింది. ఆమె బిడ్డ పదో తరగతి పాసైన ఏడు మిఠాయి డబ్బా పట్టుకుని పోతే, ఆ పిల్ల ఇంకా చదువుతానని ఏడుస్తూ కూర్చుంది. చెల్లెలు చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "మనకు రాదు బిడ్డా సదువు, నేను రాస్తెనే నా పేరు రాలే, నీదేడ అస్తది" అంది. మామ చెబితే అమ్మ వింటుందని ఆ పిల్ల నా వైపు చూసింది. నేను మిఠాయి డబ్బా దారం విప్పుతూ ఉండిపోయాను. రెండేళ్లకు ఆ పిల్లకూ పెళ్లి చేశారు.

నిజం చెప్పాలని ఎన్నిసార్లు బిచ్కుంద బస్సెక్కానో లెక్కలేదు. పోవడం, చాయ్ తాగడం, వచ్చేయడం. లెక్చరరమ్మతో జత కుదిరాక కరెంటు అర్జీలు, బ్యాంకు కాగితాలు ఒక్కొక్కటే తెమలడం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఒక పొద్దున, చెల్లెలికి ఫోను చేసి ఒక మాట చెప్పాలి, ఇదే ఇవాళ్టి నా పని అన్నాను. అయిందా అని అడిగితే కాలేదన్నాను. ఆ తర్వాత పదకొండు రోజులు అదే పని చెప్పాను, పదకొండు రోజులూ కాలేదన్నాను. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు, పర్వాలేదు సార్, రేపు చూద్దాం అనేది.

పోయిన నెలలో ఒకరోజు ఆమె స్క్రీను మీద తల వంచుకుని ఎర్ర సిరాతో దిద్దుకుంటుంటే, ఆమెను చూస్తూ చూస్తూ మా ఆవిడ ఫోనుతో చెల్లెలికి కలిపాను. "ఏందన్నా, వదినె ఫోన్ల నుంచి జేస్తున్నవ్, పానం మంచిగున్నదా?" అంది. ఫారం పంపలేదని చెప్పాను. లిస్టు చూడలేదని, అసలు నిజామాబాదే పోలేదని చెప్పాను. డాక్టరు నా జబ్బుకు పెట్టిన పేరు కూడా చెప్పబోయాను గాని, నా చెవులకే అది సాకులా వినబడి ఆపేశాను.

అటు వెనక నుంచి కోళ్ల చప్పుడు వినబడుతోంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, ఇన్నేళ్ల తర్వాత ఎందుకులే అంటుందేమోనన్న పాడు ఆశ కూడా ఉంది. "పంపలేదని చెప్తె మల్లేడు రాస్తుంటి గద అన్నా," అంది. "ఇంక మూడేండ్లు రాసే ఉమరుండె నాకు." అంతే, ఫోను పెట్టేసింది. యాభై నిమిషాలు నిండాక లెక్చరరమ్మ తలెత్తి, అయిందా సార్ అని అడిగింది. అయిందమ్మా అన్నాను. ఏమీ వినలేదు కనుక, పాపం, పదమూడో రోజుకు సాధించారు సార్ అని చప్పట్లు కొట్టింది.

ఆదివారం ఆదివారం వచ్చే చెల్లెలి ఫోను ఆ తర్వాత రావడం లేదు. నేనే పోతే కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది, వానల సంగతి మాట్లాడింది, అన్నా అని మాత్రం పిలవలేదు. ఇన్నేళ్లూ నా తప్పంతా ఆ ఇరవై రోజులదే అనుకున్నాను. దానివల్ల పోయింది ఒక్క ఏడే, మిగతా ఏళ్లన్నీ నా అబద్ధమే మింగిందని ఆమె చెబితే గాని తెలియలేదు. ఇప్పటి కాలం వేరు, ఈ జబ్బుకు పేరుంది, మాత్రలున్నాయి, ఎక్కడో ఉన్న మనిషి నీ పని కోసం ఫోనులో వచ్చి కూర్చుంటుంది. మా మనవరాలు లెక్కలు చేయని రోజు నా కళ్లలోకి చూసి, తాతా, కాలేదు అంటుంది, బెరుకు లేకుండా. మా రోజుల్లో ఇంట్లో చదువుకున్న అన్న నోట ఆ మాట వస్తే పరువు పోయినట్టే, ఆ పరువు కోసమే నేను ఏ గోడ మీదా లేని లిస్టును పుట్టించాను. కాలేదు చెల్లే అని ఆ ఆదివారం వాకిట్లో ఒక్క మాట అని ఉంటే, ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టి, మరుసటి ఏడు ఇంకో ఫారం నింపుకునేది.