దూది నుసికి సారాయి మందు

పుదుచ్చేరిలో ఫ్రెంచివారి ఏలుబడి సాగుతున్న రోజుల్లో నేనొక బట్టల మిల్లులో బాయిలరు, ఆవిరియంత్రం చూసుకునేవాణ్ణి. మా బావ అదే మిల్లులో దూది ఏకే గదిలో పనిచేసి, దగ్గు ముదిరి పోయాడు. ఇంటికి మరో ఆధారం లేక మా అక్క తన కొడుకును అదే గదిలో పనికి కుదిర్చింది. అప్పటికి వాడికి పదిహేనో ఏడు.

ఆ గదిలో దూది పెద్ద ఇనప డోలు మీదుగా సాగి పలచని ఏకుగా మారుతుంది. డోలు చుట్టూ సూదుల్లాంటి ఉక్కు పళ్లుంటాయి. వాటిలో ఇరుక్కున్న చెత్తను రోజూ మధ్యాహ్నం భోజనాల తర్వాత తీయాలి. డోలును తిప్పే తోలు పట్టీని తప్పించినంత మాత్రాన అది ఆగదు. తన బరువుతోనే, చప్పుడు లేకుండా, ఇంకా చాలాసేపు తిరుగుతుంది. తిరుగుతున్నంతసేపూ పళ్లు కనిపించవు, నున్నటి బూడిదరంగు రేకు ఒకటి నిలిచి ఉన్నట్టు అనిపిస్తుంది. పళ్లు విడివిడిగా కంటికి ఆనాకే డోలు మీది మూత తీయాలన్నది నియమం. దానికి నైపుణ్యం అక్కరలేదు, ఓపిక కావాలి.

దూది నుసి గొంతులో పేరుకుంటుందనీ, సారాయి ఒక్కటే దాన్ని కోస్తుందనీ ఆ గదివాళ్ల నమ్మకం. మధ్యాహ్నం భోజనాలకు మిల్లు కూత పడగానే వెనక గేటు దాటి సారాయి కొట్టుకు వెళ్లేవారు. అన్నం ముట్టే ముందు ఒక గుక్క. దాన్ని తాగడం అనేవారు కాదు, గొంతు కడుక్కోవడం అనేవారు. కొత్తగా చేరిన పిల్లలను వెంట తీసుకుపోకపోవడం నిర్దయ కింద లెక్క. పిల్లల గొంతు లేతది కనుక ముందు వాళ్లకే పోసేవారు.

ఈ సంగతి నాకు చాలాకాలం తెలియదు. ఒక మధ్యాహ్నం ఇరుసులకు నూనె అందుతున్నదీ లేనిదీ చూడడానికి ఆ గదికి వెళ్లాను. మా మేనల్లుడు డోలు మూత ఎత్తి చెయ్యి లోపలికి చాపుతున్నాడు. డోలు ఇంకా తిరుగుతూనే ఉంది. భుజం పట్టి వెనక్కి లాగాను. వాడు నవ్వాడు. "ఆగిపోయింది గదా మామా," అన్నాడు. నోటి నుంచి సారాయి వాసన వచ్చింది.

ఆ సాయంత్రమే ఆ గది మేస్త్రితో మాట్లాడాను. ఆయనకు కోపం రాలేదు. తనకు మొదటి గుక్క అంతకన్నా చిన్న వయసులో పోశారని, తాను నిక్షేపంగా ఉన్నానని చెప్పాడు. అది చెప్పేలోపల రెండుసార్లు దగ్గు వచ్చి ఆగాడు.

"తంబి మీద మాకు మాత్రం ప్రేమ లేదా ఏంది సామీ? వాళ్ల నాయిన మాదిరే రొమ్ములో నుసి చేరి చస్తే మీ అక్కకు ఎవురు జవాబు చెప్పేది?"

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. బావ ఆ కొట్టుకు ఒక్కరోజు తప్పకుండా వెళ్లేవాడన్న సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఆ గుక్కనూ ఈ చావునూ పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం ఆయనకు తోచలేదు. మిల్లు దొరకు విన్నవిస్తే, గేటు అవతల జరిగేది మిల్లు వ్యవహారం కాదన్నాడు. కొట్టుకు సర్కారు అనుమతి ఉంది. చెయ్యి చాపినవాడి వయసు అక్కడ ఎవరూ అడగరు.

ఇక నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే మిగిలింది. ఆదివారం వాణ్ణి ఇంటికి పిలిచి రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదానిలో సారాయి, ఒకదానిలో నీళ్లు. రెంటిలోనూ ఏకే గది నేల మీద ఊడ్చి తెచ్చిన నుసి చిటికెడు వేశాను. భోజనం చేసి వచ్చి చూస్తే రెంటిలోనూ నుసి తడిసి అడుగున కూర్చుంది. ఎక్కడా కరగలేదు, తెగలేదు. వాడు గ్లాసులను ఎత్తి వెలుగులో మర్యాదగా చూశాడు.

"కరగదని నాకు తెల్దా మామా? మేస్త్రికి తప్ప ఆడ అందరికీ తెలుసు."

"తెలిసి ఎందుకు పోతావురా?"

వాడు గ్లాసును జాగ్రత్తగా కింద పెట్టాడు.

"కూత పడినాక నేను యాడ కూర్చునేది? ఆడయితే బల్ల మీద జరిగి చోటిస్తారు. మా నాయిన ఎట్ల ఉండేవాడో, ఏమని నవ్వించేవాడో చెప్తారు. నువ్వు ఎప్పుడన్నా చెప్పినావా?"

నేను గ్లాసులు రెండూ పెరట్లో పారబోశాను.

అప్పటిదాకా నేను బాయిలరు గదిలో ఒంటరిగా భోంచేసేవాణ్ణి. యంత్రాల హోరు తర్వాత దొరికే మౌనం అదొక్కటే. మర్నాటి నుంచి కూత పడగానే ఏకే గది గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వాడు వస్తే ఇద్దరం కలిసి తినేవాళ్లం. బావ గురించి నాకు తెలిసింది కొద్ది, అది వారం తిరగకముందే అయిపోయింది. ఆ తర్వాత మా అక్కను అడిగి తెలుసుకుని చెప్పేవాణ్ణి. అదీ అయిపోయాక, బొగ్గు ఎగదోసే మనుషులను కూడా మాతో కూర్చోమన్నాను. వాళ్ల కబుర్లు నాకు రుచించేవి కావు, వాడికి రుచించేవి.

వాడు కొన్నాళ్లు వచ్చేవాడు, కొన్నాళ్లు నా ముందునుంచే ఏకే గదివాళ్లతో కొట్టుకు వెళ్లిపోయేవాడు. నేను చూస్తున్నానని తల వంచుకునేవాడు, అయినా వెళ్లేవాడు. వెళ్లిన రోజున ఆ మధ్యాహ్నం వాడి పక్కనే నిలబడి, పళ్లు కంటికి ఆనేదాకా మూత మీద నా చెయ్యి ఉంచేవాణ్ణి. వాల్వు ఒకసారి బిగిస్తే కొంతకాలం దాని జోలికి పోనక్కరలేదు. ఇది అటువంటి పని కాదు. ఏ పూటకాపూట మొదటినుంచి చేయవలసిందే. ఆ గదిలో ఇంకా పిల్లలున్నారు. వాళ్ల కోసం గుమ్మంలో ఎవరూ నిలబడలేదు. నా శక్తి ఒక్కడికే సరిపోయేది.

ఇంటికి వెళ్లినప్పుడల్లా మా అక్క, బియ్యం చెరుగుతూనే, పిల్లవాడు కొట్టుకు పోవడం మానేశాడా అని అడిగేది. ఇవాళ పోలేదని చెప్పేవాణ్ణి. పోయిన రోజున, వాడి చేతులు బాగానే ఉన్నాయని చెప్పేవాణ్ణి.